తొమ్మిది తేదీలు: ఉద్దానంలో ఒక ఇల్లు, ఒక పంచాయతీ

"నాకేటి రోగం అమ్మా? రోగం ఆయనకి."

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున కలిసినప్పుడు ఆమె నాతో అన్న మొదటి మాట అది. అంతకు రెండు వారాల ముందు, 2023 ఆగస్టులో, ఆమె ప్రాణం తీసుకోబోయింది. పక్కింటివాళ్లు చూశారు కాబట్టి బతికింది. ఏం చేసింది, ఎలా చేసింది అన్నది ఇక్కడ రాయను. చదివేవాళ్లలో అదే స్థితిలో ఉన్నవాళ్లు ఒక్కరున్నా ఆ వివరం వాళ్లకు హాని చేస్తుంది. మిగతావాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. శ్రీకాకుళం జిల్లాలో పని చేస్తాను. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసిందంతా చదివి వినిపించాను, రెండు చోట్ల తీసేయమంటే తీసేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఊరి పేరు చెప్పను. మా జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఒక ఊరు, అంతే.

ఆ ఇంటి పరిస్థితి

ఆమెకు 34 ఏళ్లు. భర్తకు 43. ఇద్దరు పిల్లలు, అత్త. అర ఎకరంలో కొబ్బరి, ఇంకొంత జీడి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ కొబ్బరి చెట్లలో నాలుగో ఐదో తప్ప అన్నీ పడిపోయాయి. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలం బతకడానికి ఆయన చెన్నైకి భవనాల పనికి వెళ్లాడు. 2021లో కాళ్ల వాపులతో తిరిగొచ్చాడు. ఉద్దానంలో చదువు రానివాళ్లు కూడా క్రియాటినిన్ అంకె, అంటే కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే రక్త పరీక్ష అంకె, చెప్పగలరు. ఆయన అంకె తెలిసిన రోజే ఇంట్లో అందరికీ అర్థమైపోయింది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. దాని గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది ఆ జబ్బు ఉన్న మనిషి పక్కన కూర్చునే మనిషి గురించి.

వారానికి మూడు డయాలిసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు. రాకపోకలు కలిపితే రోజంతా అయిపోతుంది. ఆమె పలాసలో జీడిపప్పు పనికి వెళ్లేది. భర్తను తీసుకెళ్లే మూడు రోజులూ కూలి పోయినట్టే. మిగిలిన రోజుల్లో సాయంత్రం జీడి చమురుతో నల్లబడిన వేళ్లతో ఇంటికొచ్చి వంట. ఆయనకి ఉప్పు లేకుండా ఒక కూర, పిల్లలకి ఇంకో కూర. డయాలిసిస్ పింఛను నెలకు 10,000 వచ్చేది, నిజంగా ఆదుకునేది. కానీ తిత్లీ తర్వాత చేసిన అప్పు, వైద్యానికి చేసిన అప్పు, డ్వాక్రా అప్పు కాకుండా రెండు ప్రైవేటు ఫైనాన్సుల వారం కిస్తీలు ఉండేవి.

మొదటి గంట

ఆ రోజు మేం పెరట్లో కొబ్బరి మట్టల మీద కూర్చున్నాం. నేను ముందు ఆయన ఆరోగ్యం గురించి అడగలేదు. ఆ ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగేది అదే. "నిద్ర పడుతోందా చెల్లీ?" అన్నాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఈ మాట నన్నెవులూ అడగనేదు" అంది.

రాత్రి రెండు గంటలు నిద్ర. ఆకలి లేదు. పొయ్యి దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదు. పిల్లలు మాట్లాడుతుంటే దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. డిప్రెషన్ తీవ్రత కొలవడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో 27కి 19 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే. మా పనిలో కొత్తవాళ్లు చాలామంది దాన్ని గొణిగేసి దాటేస్తారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా పుట్టదు. సూటిగా, మెల్లగా అడిగితే అవతలి మనిషికి బరువు దిగినట్టుంటుంది. "చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా?" అని అడిగాను. "రోజూ కాదు. మంగళవారం అనిపిస్తాది" అంది.

మంగళవారం కిస్తీ రోజు.

'ఆత్మహత్య' అన్న మాట నేను ఎవరి దగ్గరా వాడను. అందులో హత్య ఉంది. వినేవాళ్లకు నేరం చేసినట్టు వినిపిస్తుంది. ఉద్దానం ఇళ్లలో వాడే మాటలు వేరే: 'పేణం తీసుకుందాం అనుకున్నాది', 'విసిగిపోయింది'. ఆ రెండో మాటలో రోగ నిర్ధారణ సగం ఉంది.

ఆమె చెప్పినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది అప్పు కాదు, దాహం. డయాలిసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి. కొబ్బరి నీళ్లు అసలు ఇవ్వకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకు ప్రమాదం. కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషి ఎండాకాలం మధ్యాహ్నం బొండం అడుగుతాడు. ఇవ్వనంటే తిడతాడు, ఏడుస్తాడు. ఒకరోజు ఆమె పనికెళ్లినప్పుడు పిల్లాడి చేత బొండం కోయించుకుని తాగాడు, ఆ రాత్రి ఆయాసంతో ఆస్పత్రికి పరుగెత్తారు. అప్పటినుంచి ఆమె ఇంట్లో బిందెకు గ్లాసు కొలత పెట్టింది. "దాహం అన్నోడికి నీళ్లియ్యనిదాన్ని నాను. ఏ జన్మలో ఏ పాపం సేసానో" అంది. భర్త ప్రాణం నిలబెడుతున్న పనే ఆమెకు రోజూ చేస్తున్న పాపంలా కనబడింది. ఆ మాట బయటికి రావడానికి గంట పట్టింది. ఆ గంట ఆస్పత్రిలో ఎవరో ఒకరు కూర్చుని ఉండాల్సింది.

కూర్చోలేదు. ఆమె ఉన్న ఆస్పత్రి పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు, చాలాచోట్ల ఇదే జరుగుతుంది. శరీరాన్ని బాగా చూశారు, ప్రాణం కాపాడారు. కానీ ఒకరు, "ఇద్దరు పిల్లలున్నారు, సిగ్గులేదా" అన్నారట. పోలీసు కేసు అవుతుందేమోనని అత్త మూడు రోజులు అన్నం తినలేదు. డిశ్చార్జి కాగితంలో మానసిక వైద్యుడికి చూపించమన్న ఒక్క ముక్క లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అంతేకాదు, మళ్లీ ఆ పరిస్థితి రాకుండా ఆ మనిషికి వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వం బాధ్యత అని అదే సెక్షన్ చెబుతోంది. మొదటి సగం కొందరికి తెలుసు. రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు.

మాకు కబురు పెట్టింది ఆశా కార్యకర్త. వేరే ఇంటికి బాలింతను చూడటానికి వెళ్తూ ఈమెను చూసింది. మనిషి తేడాగా ఉందని ఏఎన్ఎంకి చెప్పింది, ఆమె నాకు ఫోన్ చేసింది. అదే వీధిలో ఆ బాలింత లేకపోతే మాకు తెలిసేది కాదు. ఒక మనిషి బతకడం ఇలాంటి యాదృచ్ఛికం మీద ఆధారపడకూడదన్నదే ఆ తర్వాత మేం చేసిన పనంతటికీ మూలం.

తేదీల పద్ధతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో 1,867 మంది మీద ఒక పరిశోధన చేయించింది. అందులో చెన్నై ఒక కేంద్రం. ఫలితాలు 2008లో వచ్చాయి. చేసింది చాలా చిన్న పని. ప్రాణం తీసుకోబోయి ఆస్పత్రికి వచ్చినవాళ్లతో ఒక గంట మాట్లాడతారు. ఆ తర్వాత 1, 2, 4, 7, 11 వారాలకు, 4, 6, 12, 18 నెలలకు, మొత్తం తొమ్మిది సార్లు ఫోన్ చేస్తారు లేదా ఇంటికి వెళ్తారు. 18 నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 2.2 శాతం మంది బలవన్మరణం పాలయ్యారు. ఈ తొమ్మిది పలకరింపులు అందినవాళ్లలో 0.2 శాతం.

పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. క్యాలెండరు, గుర్తుపెట్టుకునే మనిషి ఉంటే చాలు. మన ఊళ్లలో ఆశా కార్యకర్త గర్భిణుల తేదీలు, పిల్లల టీకాల తేదీలు పొరపాటు లేకుండా గుర్తుపెట్టుకుంటుంది. ఆ నోట్‌బుక్‌లోనే ఇంకో పేజీ. ఈ కేసులో ఆ పేజీ మీద పేరు రాయలేదు, ఒక చుక్క గుర్తు పెట్టి తొమ్మిది తేదీలు రాశాం. నా మొదటి కలయికే తొమ్మిదో రోజున కాబట్టి మొదటి తేదీ రెండు రోజులు ఆలస్యమైంది.

రెండో వారం నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ రోజు ఇంకో పని మీద బోర్డు ఉన్న ప్రభుత్వ వాహనంలో వెళ్తూ, దారిలోనే కదా అని ఆమె ఇంటి ముందు దిగాను. ఐదు నిమిషాల్లో వీధి వీధంతా అరుగుల మీదకు వచ్చింది. ఎవరో, "పిచ్చాసుపత్రి బండి" అన్నారు. ఆమె గుమ్మంలోంచే, "మీకు దండం పెడతాను, ఇంక రాకండి" అంది. తిరిగి వచ్చేటప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నాను, పల్లెలో గుట్టు ఎంత విలువైనదో నాకు తెలియనిది కాదు.

తర్వాత నాలుగు రోజులు ఆశా కార్యకర్తే రోజూ వెళ్లి కూర్చుంది. ఏమీ అడగలేదట, చిక్కుడుకాయలు ఒలిచి వచ్చేదట. ఐదో రోజు ఆమే, "ఆ మేడమ్‌ని క్లినిక్‌కి రమ్మను, నాను బీపీ సూపించుకోడానికి వస్తాను" అని కబురు పెట్టింది. అప్పటినుంచి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగరు చూసే రోజునే కలిశాం. ఆ గదికి అందరూ వస్తారు కాబట్టి ఎవరు ఎందుకు వచ్చారో ఎవరూ పట్టించుకోరు. నిజంగా బీపీ కూడా చూశాం. ఎక్కువే ఉంది.

మానసిక వైద్యుడు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. ఈ మందు మనసు మీద పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆ వారాల్లోనే మనిషి, "మందూ పని చెయ్యలేదు" అని పూర్తిగా కుంగిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి ముందే చెప్పాలి. మొదట్లో ఒకసారికి ఏడు రోజుల మాత్రలే ఇచ్చాం, అవి అత్త దగ్గర ఉంచాం. అత్త, "పిచ్చి మాత్రలు నా సేత్తో ఇయ్యను" అంది. ఆమెను ఒప్పించింది నేను కాదు. "నీ కొడుక్కి బీపీ మాత్రలు ఎందుకేస్తన్నావో ఇదీ అందుకే" అన్న ఏఎన్ఎం మాటకు ఒప్పుకుంది.

ఇంకొకటి, ఆపద కాగితం. మనసు చెడిపోయే ముందు వచ్చే గుర్తులేమిటి, అప్పుడు ముందు ఏం చేయాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మనిషి బాగున్నప్పుడే తన మాటల్లో రాసుకుని పెట్టుకునే కాగితం. ఆమె కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి బొమ్మలు గీశాం. పొయ్యి బొమ్మ: లేవబుద్ధి కాకపోవడం. చెరువు గట్టు మీద చెట్టు: నలుగురూ కూర్చునే చోటుకు వెళ్లి కూర్చోవడం. తర్వాత అప్ప. బరంపురంలో ఉన్న ఆమె పెద్దక్క. ఇచ్ఛాపురం దాటితే ఒడిశానే అయినా ఇటు పిల్లలను అటు ఇవ్వడం మామూలే. ఆ అప్ప నంబరు, ఆశా నంబరు, చివర 14416. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైన ఉచిత ఫోన్ సేవ, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. కాగితాన్ని రేషన్ కార్డు ఉన్న రేకు పెట్టెలో పెట్టుకుంది.

పంచాయతీ

మంగళవారాల సంగతి మాత్రలతో తేలేది కాదు. ఆ ప్రయత్నానికి ముందు రోజు కిస్తీ కట్టలేకపోతే, ఆమె కట్టేదాకా కలిసి అప్పు తీసుకున్న గుంపులోని మిగతా ఆడవాళ్లను లేవనివ్వకుండా కూర్చోబెట్టారు. చీకటి పడ్డాక కూడా. "నా వల్ల ఆళ్ల పిల్లలు ఆకలికి ఏడిసారు" అంది ఆమె. దాన్ని ఒక్కటే కారణం అనను. ఇలాంటి వాటికి ఒక్క కారణం వెతకడం తప్పు. డిప్రెషన్, నిద్రలేమి, దాహం గురించిన ఆ పాపభీతి, అన్నీ కలిసి పేరుకుని ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం పడిన అవమానం మార్చగలిగింది. మార్చగలిగిన దాన్ని వదిలేసి మనిషిని ధైర్యంగా ఉండమనడం అన్యాయం.

సర్పంచ్ దగ్గరికి ఈ విషయం తీసుకెళ్లాను, ఎవరి పేరూ చెప్పకుండా. ఆమెకు తెలిసే ఉంటుంది, ఊరు చిన్నది. కానీ ఆమె కూడా పేరు ఎత్తలేదు, అందుకు నేను ఆమెకు రుణపడి ఉంటాను. 2023 అక్టోబర్ 2న గ్రామసభలో ఈ అంశం, 'వారం కిస్తీల వసూళ్ల ఇబ్బందులు' అన్న పేరుతో వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనలను డ్వాక్రా సంఘాల పనులు చూసే వెలుగు యానిమేటర్ తెలుగులో రాసుకొచ్చి చదివింది: ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత అప్పు తీసుకున్నవాళ్లకు ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, దుర్భాషలాడకూడదు. వసూలు ముందుగా అనుకున్న చోటే జరగాలి. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. ఆ చివరి ముక్క దగ్గర సభ కాసేపు నిశ్శబ్దమైపోయింది. చాలా ఇళ్లలో కిస్తీలు సగం దాటి ఎప్పుడో పోయాయి.

2010 అక్టోబరులో ఇలాంటి వసూళ్ల వల్లే ఉమ్మడి రాష్ట్రంలో వాటిని కట్టడి చేసే ఆర్డినెన్స్ వచ్చిందని పెద్దవాళ్లకు గుర్తుంది. అప్పటి ఆవేశంతో కొందరు, "ఎవరూ కట్టకండి, తరిమేద్దాం" అన్నారు. సర్పంచ్ ఒప్పుకోలేదు. తరిమేస్తే రేపు ఆస్పత్రి ఖర్చుకి రోజు వడ్డీ వాళ్ల దగ్గరికే పోవాలి. ఆమె తేల్చింది ఇదీ: వసూలు పంచాయతీ ఆఫీసు అరుగు మీద, పగలు, యానిమేటర్ ఉండగా. ఎవరైనా కట్టలేకపోతే మిగతావాళ్లను కూర్చోబెట్టడానికి లేదు. ఈ కేసులోని కుటుంబానికి రెండు అప్పుల్లో ఒకదాన్ని కంపెనీ వాళ్లతో మాట్లాడి నెల కిస్తీగా మార్పించారు. రెండోదానికి వాళ్లు ఒప్పుకోలేదు, డ్వాక్రా సంఘం నుంచి అప్పు ఇప్పించి తీర్చారు. అప్పు తగ్గలేదు. మంగళవారం మాత్రం మామూలు రోజు అయింది.

పురుగు మందుల మీద చర్చ ఎక్కువసేపు నడిచింది. జీడి చిగురు, పూత వేసేటప్పుడు టీ దోమ అనే పురుగుకు మందు కొడతారు. కొన్నదంతా అయిపోదు, మిగిలింది ఇంట్లోనే ఉంటుంది. అందరికీ తాళం పెట్టెలు పంచుదామని ఒక యువజన సంఘం ముందుకొచ్చింది. నేను వద్దన్నాను. శ్రీలంకలో 180 గ్రామాల్లో అలా తాళం పెట్టెలు ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి, తేడా ఏమీ కనబడలేదు. తాళం చెవి అదే ఇంట్లో ఉంటుంది కదా. అదే శ్రీలంకలో అతి విషపూరితమైన మందుల అమ్మకాన్నే 1990ల నుంచి ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక బలవన్మరణాలు భారీగా తగ్గాయి, పంట దిగుబడి తగ్గలేదు. నిషేధం పంచాయతీ చేతిలో లేదు. తమిళనాడులో కడలూరు జిల్లాలో మందులన్నీ ఊరి బయట ఒక్కచోట పెట్టించే ప్రయత్నం జరిగిందని చెప్పాను. చివరికి ఊరివాళ్లే తమ పద్ధతి తేల్చుకున్నారు: నాలుగైదు తోటలవాళ్లు కలిసి ఒకేరోజు మందు కొట్టించుకోవాలి, అవసరమైనంతే కొనాలి, మిగిలితే తోటలోని పంపు షెడ్డులోనే ఉంచాలి, ఇంటికి తేకూడదు. ఎరువుల కొట్టు యజమాని ఇంకొకటి ఒప్పుకున్నాడు: పొద్దుపోయాక ఒంటరిగా వచ్చి మందు అడిగిన మనిషిని ముందు కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడటం, "రేపు తోటకే తెచ్చిస్తాలే" అనడం. ఎన్ని ఇళ్లు పాటించాయంటే, నేను చూసినంతలో సగం కూడా కాదు.

ఇక శిక్షణ. ఒక మధ్యాహ్నం ఆశా, ఏఎన్ఎం, యానిమేటర్, బడి టీచరు, వీళ్లతో పాటు డయాలిసిస్ వాళ్లను పలాస తీసుకెళ్లే ఆటో డ్రైవర్ని కూడా పిలిచాం. అతణ్ని పిలవాలన్న ఆలోచన సర్పంచ్‌ది. మొత్తం శిక్షణలో నాకు బాగా పనికొచ్చింది అదే. వారానికి మూడుసార్లు అవే కుటుంబాలను మోసుకెళ్లే మనిషి, ఎవరు మాట్లాడటం మానేశారో, ఎవరు అందరికీ బాకీలు తీర్చేసి, "అందరూ బాగుండండి" అంటూ అప్పగింతలు పెడుతున్నారో అతనికి మా కంటే ముందు తెలుస్తుంది. నేర్పింది కొంచెమే: అడగండి, వినండి, సలహాలు ఇవ్వకండి, ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకండి, ఈ నంబరుకు చెప్పండి. "నీకేం తక్కువ", "పిల్లల మొహం చూసి బతుకు" అన్న మాటలు మంచి మనసుతోనే అంటాం. వినే మనిషికి అవి ఇంకో రాయి.

మేం చూడనివాడు

ఆ డిసెంబరులో అదే ఊళ్లో ఒక పాతికేళ్ల కుర్రాడు చనిపోయాడు. వేరే రాష్ట్రంలో పని పోయి రెండు నెలల ముందు తిరిగొచ్చాడు. డయాలిసిస్ ఇల్లు కాదు, డ్వాక్రా ఇల్లు కాదు, క్లినిక్‌కి వచ్చే వయసు కాదు. మేం వేసిన వల అంతా ఆడవాళ్ల చుట్టూ, రోగుల చుట్టూ ఉంది. దేశంలో 2022లో 1,70,924 మంది ఇలా చనిపోయారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అందులో వందకు సుమారు 72 మంది మగవాళ్లు, నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. ఇలా పోయేవాళ్లలో మగవాళ్లే ఎక్కువన్న సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ శిక్షణకు క్రికెట్ ఆడే కుర్రాళ్లను పిలవలేదు, వలస వెళ్లొచ్చినవాళ్ల జాబితా తీయలేదు.

ఆ చావు ఈమె మీద కూడా పడుతుందని భయపడ్డాను. నాలుగో నెల తేదీ ఇంకా వారం ఉండగానే వెళ్లాం. "ఆ బాబుని ఎవులైనా అడిగుంటే" అని ఏడ్చింది. ఆ పట్టికలో అప్పటికి 8కి దిగింది, ఆ రోజు 11. కుర్రాడి తల్లి ఇంటికి ఆశాతో పాటు తనూ వెళ్లి కూర్చుంటానంది. వద్దనాలా, వెళ్లమనాలా అని చాలా ఆలోచించాను. ఒక్కతే వెళ్లకుండా, అరగంటకు మించి ఉండకుండా వెళ్లమన్నాను. ఆ తల్లికి కూడా ఇప్పుడు నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. అయినవాళ్లు ఇలా పోయిన ఇళ్లలో బతికున్నవాళ్లకు కూడా తేదీలు ఉండాలి.

మే నెల

ఆరో నెల తేదీ బాగానే గడిచింది. తర్వాతి తేదీ 2024 ఆగస్టు. కానీ మే మొదటి వారంలో ఆయన చనిపోయాడు, గుండె ఆగి, డయాలిసిస్‌కు బయలుదేరే ముందు.

మే 13న పోలింగు. సచివాలయం సిబ్బంది అంతా ఎన్నికల పనిలో ఉన్నారు, ఆశాకి కూడా బూత్ దగ్గర డ్యూటీ. నాకు కబురు తెచ్చింది ఆటో డ్రైవర్. "మేడమ్, రేపటి నుంచి నా బండిలో ఆ సీటు ఖాళీ. ఆవిడ్ని సూసుకోండి" అన్నాడు.

పరిశోధనలో చెప్పిన తేదీలను పక్కన పెట్టాం. మళ్లీ మొదటి వారం నుంచి లెక్క మొదలుపెట్టాం. అప్ప బరంపురం నుంచి వచ్చి నెల రోజులు ఉంది. మాత్రలు మళ్లీ అత్త దగ్గరికి, ఏడు రోజులకోసారి. పదకొండో రోజు రాత్రి అందరూ నిద్రపోయాక ఆమె లేచి పెట్టె తీసి కాగితం చూసుకుంది. అప్పను లేపడం ఇష్టంలేక 14416కి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు మాట్లాడిందట. ఏం మాట్లాడారని అడిగితే, "దాహం గురించి" అంది. చివరి రోజు పొద్దున్న ఆయన అర గ్లాసు నీళ్లు ఎక్కువ అడిగాడు, ఇవ్వలేదు. అది ఆమె గొంతులో ఉండిపోయింది.

డయాలిసిస్ యూనిట్‌లో ఆయన్ను రెండేళ్లు చూసిన నర్సుతో మాట్లాడించాను. నేను చెప్పిన ఓదార్పు కంటే ఆ నర్సు చెప్పిన లెక్క పని చేసింది: "ఆయన వచ్చిన ప్రతిసారీ బరువు సరిగా ఉండేది. అంత కచ్చితంగా నీళ్లు చూసుకున్న ఇల్లు మా దగ్గర ఇంకోటి లేదమ్మా. రెండేళ్లు నువ్వే బతికించావు." ఆమె ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

డయాలిసిస్ పింఛను ఆగిపోయింది. వితంతు పింఛను దరఖాస్తు తేలడానికి నెలలు పట్టింది, ఆ నెలల్లో జీడిపప్పు కూలి వారానికి ఆరు రోజులకు పెరిగింది కాబట్టి ఇల్లు నడిచింది. జూలై 1 నుంచి కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ప్రాణం తీసుకోబోవడాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ అందులో లేదు. ఆ మాట అత్తకు చెప్పాను. "అంటే ఇంక పోలీసోలు రారా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. పదకొండు నెలలుగా ఆ ముసలామె ఆ భయాన్ని మోస్తోందని నాకు ఆ రోజే తెలిసింది. మేం అంతవరకూ ఆమెకు ఏ తేదీ రాయలేదు. ఆ రోజు రాశాం.

పద్దెనిమిదో నెల

2025 ఫిబ్రవరి. జీడి పూత మీద ఉంది. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కల్లో కొన్ని మొదటి గెలలు వేశాయి. పట్టికలో 6 వచ్చింది. మాత్రలు వైద్యుడు మెల్లగా తగ్గిస్తున్నారు. మనసు పూర్తిగా కుదుటపడిందని రాయను. ఆగస్టు వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదంది, అందుకని ఆగస్టుకు ఇంకో తేదీ రాశాం, పదోది.

వెళ్లబోతుంటే పెరట్లోకి వెళ్లి బొండం కొట్టించి తెచ్చింది. గ్లాసులో పోయలేదు, కాయతోనే చేతికిచ్చింది. "తాగు అప్పా" అంది. అంతవరకూ నన్ను అమ్మా అనీ, మేడమ్ అనీ పిలిచేది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది, ఇంకోటి కొట్టమంటావా అని అడిగింది.